తాళం మీద నింద

ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కు మీద నడిచే లినక్స్ కంప్యూటరు బిగుసుకుపోయే తీరు దాదాపు ఒకటే. మౌస్ బాణం కదులుతుంది, ఇంకేమీ కదలదు. డిస్కు లైటు ఆరదు. యజమాని తీర్పు కూడా ఒకటే: పొద్దున్నే పాస్‌వర్డ్ అడిగిన ఎన్‌క్రిప్షనే కొంప ముంచింది. అత్త మీది కోపం దుత్త మీదికి పోవడం ఇలాగే.

దుత్త తప్పెంతో తేల్చడానికి క్రిప్ట్‌సెటప్ బెంచ్‌మార్క్ అనే కమాండ్ ఉంది. అది డిస్కును ముట్టుకోదు, మెమొరీలోనే లెక్క కడుతుంది. 2010లో ఇంటెల్ ప్రాసెసర్లలోకి ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి కోసం ప్రత్యేక ఆదేశాలు వచ్చాయి. అవి ఉన్నచోట వేగం మామూలుగా సెకనుకు గిగాబైట్లలో తేలుతుంది. గిర్రున తిరిగే పాత హార్డ్ డిస్కు 200 మెగాబైట్లకే ఆయాసపడుతుంది. అంటే తాళం తీసేవాడు గుమ్మంలో కునికిపాట్లు పడుతున్నాడు, బండే రాలేదు. ఆ ఆదేశాలు లేని ముసలి ప్రాసెసరైతే మాత్రం నింద న్యాయమే.

పెద్ద ఫైలు కాపీ చేసేటప్పుడు వచ్చే బిగుసుడు వేరు. రాయవలసిన సరుకును కెర్నల్ ముందు మెమొరీలో పోగేస్తుంది. మామూలు అమరికలో, అందుబాటులో ఉన్న మెమొరీలో 20 శాతం దాకా. అందుకే కాపీ 90 శాతం వరకు పరుగెత్తి, అక్కడ పీట వేసుక్కూర్చుంటుంది. డిస్కు జవాబు కోసం ఆగిన ప్రాసెస్ 'డి' స్థితిలోకి పోతుంది. కుంభకర్ణుణ్ణి డప్పులతోనైనా లేపారు, దీన్ని కిల్ -9 కూడా కదపలేదు. 120 సెకన్లు దాటితే కెర్నల్ లాగ్‌లో ఫిర్యాదు రాసి ఊరుకుంటుంది. మెమొరీలో పోగుకు హద్దు పెట్టే డర్టీ బైట్స్ పరిమితి తగ్గిస్తే పోగు చిన్నదవుతుంది.

ఎస్ఎస్‌డీది ఇంకో బాధ. ఖాళీ అయిన గదుల సంగతి చెప్పే ట్రిమ్ కబురును, డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే కెర్నల్ భాగమైన డీఎం-క్రిప్ట్ తనంతట తాను దాటనివ్వదు. ఏ గదులు ఖాళీయో బయటివాడికి తెలుస్తుందని దాని అనుమానం. క్రిప్ట్‌ట్యాబ్ ఫైలులో డిస్కార్డ్ అని రాస్తే ఆ గుట్టు కొంత పోయి, రాత కొంత చురుకవుతుంది. కెర్నల్ 5.9 నుంచి డీఎం-క్రిప్ట్ లోపలి వరుసలను తప్పించే వీలూ ఉంది. వేగమైన ఎస్ఎస్‌డీకి అది పనికొస్తుంది.

అందరూ చివర చూసేదీ, నిజానికి మొదట చూడవలసిందీ డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్ నివేదిక. అందులో పెండింగ్ సెక్టార్లు, అంటే చదవడానికి మొరాయించే గదులు, పెరుగుతుంటే డిస్కు మూట సర్దుకుంటోందని అర్థం, బ్యాకప్‌కు అదే ముహూర్తం. డేటా దారిలో చెడిందని చెప్పే సీఆర్‌సీ తప్పులు పెరుగుతుంటే చాలాసార్లు దొంగ సాటా కేబులే. సిస్టమంతా రెండుసార్లు మళ్లీ ఎక్కించాక గానీ దాని మీదికి చూపు పోదు. కేబుల్ మార్చినా ఆ లెక్క సున్నాకు దిగదు. పెరగడం ఆగితే చాలు.