మారు వడ్డన లేని పులుసు

పదకొండు రోజులైంది. ఆ అన్నం ముద్ద ఇంకా నా కళ్ల ముందు నుంచి కదలడం లేదు.

ముద్ద అని మర్యాదకి అంటున్నాను. ఉసిరికాయకి ఎక్కువ, నిమ్మకాయకి తక్కువ. పళ్లెం మాత్రం పెళ్లి తాంబాళమంత. దాని మధ్యలో గుంట, గుంటలో నల్లగా చిక్కగా పులుసు, పులుసు నడుమ గోదారి వరదలో లంకలాగా ఒకే ఒక్క అన్నం దిబ్బ, దిబ్బ నెత్తిన చిన్న ఉల్లికాడ ముక్క. మా మనవడికి అన్నప్రాశన నాడు పెట్టింది కూడా ఇంతకంటే ఎక్కువే అయ్యుంటుంది. మూడు చెంచాల్లో లంక మునిగిపోయింది. పులుసు ముప్పాతిక వంతు అలాగే ఉంది.

తెలుగువాడికి ఇంతకంటే కష్టం ఏముంటుంది చెప్పండి? కూర మిగిలితే అన్నం పెట్టించుకుంటాం. అన్నం మిగిలితే కూర వేయించుకుంటాం. మళ్లీ కూర మిగులుతుంది. ఈ రెండూ ఒకేసారి పూర్తయిన భోజనాన్ని నా అరవై నాలుగేళ్లలో నేను చూడలేదు. చూడాలనీ లేదు. అందుకే మన భోజన హోటళ్లలో అన్నం గిన్నె పట్టుకుని ఒకాయన వరసల మధ్య తిరుగుతూనే ఉంటాడు. అడగక్కర్లేదు. వద్దని చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి వడ్డించి పోతాడు.

ఇది జరిగింది న్యూ ఆర్లియన్స్‌లో. వందేళ్లు దాటిన క్రియోల్ హోటలు. పేరు చెప్పను, తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం మా వంశంలో లేదు. అయినా అక్కడ వాసాలు కనబడవు, షాండ్లియర్లు అడ్డం. మా పెళ్లిరోజని మావాడు మమ్మల్నిద్దర్నీ హ్యూస్టన్‌లో కారెక్కించి ఐదున్నర గంటలు తోలాడు. దారిలో అచఫలాయా చిత్తడి నేలల మీద దాదాపు 29 కిలోమీటర్ల వంతెన ఒకటుంది. అది దాటేటప్పటికి పొద్దున కట్టుకొచ్చిన పులిహోర నా కడుపులో చరిత్రగా మారింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను లోపలికి అడుగుపెట్టేసరికే అన్నం విషయంలో నా మనసు కాస్త సున్నితంగా ఉంది.

గుమ్మం దగ్గర కోటు గొడవ. సాయంత్రం ఐదు దాటితే మగవాళ్లు కోటు లేకుండా రాకూడదట. మావాడు తనది తెచ్చుకున్నాడు, నాకు మాత్రం చెప్పలేదు. చెబితే అసలు రానంటానని భయం. "వాళ్లే ఇస్తారు నాన్నా, ఊరికే" అన్నాడు. అమెరికాలో నాకు ఊరికే దొరికింది అదొక్కటే. ఆడవాళ్లకి ఏ నియమమూ లేదు, మా ఆవిడ వెంకటగిరి చీరలో హాయిగా నడిచి వెళ్లిపోయింది. జూన్ నెల. ఉక్కపోతలో ఆ ఊరు బెజవాడకి మేనమామ కూతురు. అందులో నాకు నీలం రంగు కోటు, ఇత్తడి బొత్తాలు. దాని భుజాలు నా భుజాలు దాటాక కూడా జానెడు దూరం ప్రయాణం చేస్తున్నాయి. జేబులో చెయ్యి పెడితే ఒక పిప్పరమెంటు బిళ్లా, ఒక పళ్లు కుట్టుకునే పుల్లా తగిలాయి. పుల్ల వాడిందో కాదో చూసే ధైర్యం చెయ్యలేదు.

ఎరువు సొమ్ము బరువు చేటన్నారు గానీ, ఎరువు కోటు గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నా జీవితంలో నేను కుట్టించుకున్న కోటు ఒక్కటే. 1987లో మా మావగారు పెట్టిన సూటు గుడ్డ. గుడివాడలో మా దర్జీ అప్పటికి సఫారీలు తప్ప కోటు కుట్టి ఎరగడు. టేపు పట్టుకుని నా చుట్టూ రెండుసార్లు ప్రదక్షిణం చేసి, "పెళ్లయ్యాక ఒళ్లొస్తది బాబూ, లోపల గుడ్డ వదుల్తాను" అన్నాడు. వదిలాడు. ఎంత వదిలాడంటే, నాతో పాటు మా తమ్ముడు కూడా అందులో పట్టేవాడు. రిసెప్షన్ ఫోటోల్లో నా చేతులు కనబడవు. షేక్‌హ్యాండ్ ఇవ్వడానికి వచ్చినవాళ్లంతా గుడ్డనే ఊపి వెళ్లారు.

ఆ రాత్రి తర్వాత నేనా కోటు తొడుక్కోలేదు. కోటు మాత్రం ఒక్క ముహూర్తం ఖాళీగా లేదు. మా కాలనీలో సంబంధం కుదిరిన ప్రతి కుర్రాడూ వచ్చి "అన్నయ్యా, ఒక్కరోజు" అనేవాడు. దర్జీ గుడ్డ వదిలిన పుణ్యాన లావుపాటివాళ్లకి కుట్లు విప్పేవాళ్లం, సన్నపాటివాళ్లకి వెనకాల గుండుసూదులు పెట్టేవాళ్లం. సూదులు పెట్టినవాడికి ఒకే షరతు, రాత్రంతా కుర్చీలో వెనక్కి ఆనకూడదు. ఏడుగురు పెళ్లికొడుకుల్ని చూసిందా కోటు. తిరిగొచ్చినప్పుడల్లా జేబుల్లో ఏదో ఒకటి ఉండేది. అక్షింతలు, వక్కపొడి, ఒకసారి బ్యాండుమేళం వాళ్లకివ్వాల్సిన యాభై రూపాయలు. ఎనిమిదోవాడు తీసుకెళ్లి మళ్లీ ఇవ్వలేదు. ఇప్పుడు హైదరాబాదులో మూడు ఫ్లాట్లున్నాయి అతనికి. ప్రతి సంక్రాంతికీ వాట్సాప్‌లో గొబ్బెమ్మలు పంపిస్తాడు, కోటు ఊసెత్తడు. అన్నాళ్లు ఊరందరికీ కోటు అరువిచ్చిన నేను, చివరికి ఎవడో పుల్ల మరిచిపోయిన కోటులో, ఎవడో వదిలిన సెంటు వాసనలో కూర్చున్నాను. కుర్చీలో వెనక్కి ఆనలేదు. పాత అలవాటు.

పులుసు సంగతి కదా మొదలుపెట్టాను.

మా బల్ల దగ్గరికి వచ్చిన పెద్దాయన ముప్పై ఏళ్లుగా అక్కడే వడ్డిస్తున్నాడట. తెలివి చూపిద్దామని "ఇది కేజన్ వంటేనా?" అన్నాను. ఆయన మొహం చూడాలి. కాకినాడ వాళ్లింట్లో చేపల పులుసు తింటూ "నెల్లూరుదేనా అండీ" అన్నట్టయింది. కేజన్లంటే 1755లో ఇంగ్లీషువాళ్లు నోవా స్కోషియా నుంచి తరమడం మొదలుపెడితే, ఎక్కడెక్కడో తిరిగి లూసియానా పల్లెల్లో, చిత్తడి నేలల్లో కుదురుకున్న ఫ్రెంచి మాటవాళ్లు. వాళ్లది ఒకే కుండలో అన్నీ వేసి వండుకునే పల్లె వంట. క్రియోల్ అంటే నగరం వంట. ఆ ఊరిని 1718లో ఫ్రెంచివాళ్లు కట్టారు, తర్వాత స్పెయిన్ ఏలింది, 1803లో అమెరికా కొనుక్కుంది. రాజ్యాలు వదిలేసినవాళ్లు వంటింట్లో అలవాట్లు మాత్రం పట్టుకుపోలేదు. ఇదంతా పెద్దాయన నిలబడి చెప్పాడు. సగం వెన్న గురించే.

మావాడు మెనూలో గంబో చూపించాడు. 14 డాలర్లు, అంటే 1,200 రూపాయల పైమాట. వచ్చింది. మా ఆవిడ చెంచాతో కెలికి, ఒక ముక్క పైకి తీసి, షాండ్లియరు వెలుగులో పట్టి చూసింది.

"ఏవండీ, బెండకాయ."

ఇంకో ముక్క. "రొయ్య." మరొకటి. "పీత డెక్క." చెంచా కింద పెట్టి తీర్పు చెప్పింది. "బెండకాయ రొయ్యల పులుసు. చింతపండు మర్చిపోయారు."

ఆవిడ తప్పేం అనలేదు. గంబో అన్న మాటే ఆఫ్రికాలోని బంటూ భాషల్లో బెండకాయ పేరు నుంచి వచ్చిందంటారు. మనం బెండకాయని వేయించి, చింతపండు రసం పోసి జిగురు విరగ్గొడతాం. వాళ్లు ఆ జిగురు కోసమే వేస్తారు, పులుసు చిక్కబడాలని. అది చాలనట్టు రూ అని ఇంకొకటి. రూ అంటే రూపాయలనుకున్నాను, బిల్లు చూశాక అదీ తప్పు కాదనిపించింది. నూనెలోనో వెన్నలోనో మైదాపిండి వేసి, సన్నసెగ మీద, పక్కకి తల తిప్పకుండా అరగంట, ముప్పావుగంట కలుపుతూనే ఉండాలి. తెల్లపిండి గోధుమరంగుకి తిరిగి, ఇటుకరంగుకి తిరిగి, చివరికి చాక్లెట్ రంగుకొస్తుంది. ఎక్కడైనా నల్లచుక్క కనబడిందా, మాడినట్టే. పారబోసి మళ్లీ మొదలు. తర్వాత ఉల్లిపాయ, సెలెరీ, క్యాప్సికం. ఈ మూడింటినీ వాళ్లు పవిత్ర త్రయం అంటారు, దణ్ణం పెట్టనంత తక్కువ. కొందరు బెండకాయకి బదులు సాసఫ్రాస్ ఆకుల పొడి వేస్తారు, అది అక్కడి చాక్టా ఆదివాసులు నేర్పింది.

"మనం రెండు చెంచాల బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోస్తాం. రెండు నిమిషాలు" అంది మా ఆవిడ. మావాడు దాన్ని పెద్దాయనకి ఇంగ్లీషులో చెప్పలేదు. మంచిపని చేశాడు.

పులుసు బావుంది. అదే నా బాధ. బాగోకపోతే అన్నం గురించి ఇంత రాసేవాణ్ని కాదు. పిండి వేగిన కమ్మదనం, పీత తీపి, గొంతులో నిదానంగా దిగే కారం. అలాంటి పులుసుని వట్టిగా చెంచాతో తాగమంటే ఎలా? మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఆవకాయ డబ్బా ఉంది, అది సరే. బ్యాగులో అన్నం పెట్టుకుని తిరగలేం కదా.

పెద్దాయన ప్రతి ఐదు నిమిషాలకీ వచ్చి "అంతా బాగుందా?" అని అడిగాడు. నేను లెక్కపెట్టాను, ఏడుసార్లు. ఏడుసార్లూ నా నోరు నిండా ఉన్నప్పుడే. ఏడుసార్లూ తలూపాను. కోటు లేకపోతే అడిగేవాణ్నే. లుంగీలో ఉన్న మనిషి అన్నం అడగగలడు. ఇత్తడి బొత్తాల కోటు తొడుక్కుని, మెడ కింద తెల్లగుడ్డ పరుచుకుని, "బాబూ, ఇంకాస్త అన్నం" అనడానికి నోరు రాలేదు.

చివర్లో అరటిపండ్లు. వాటిని వెన్నలో, బెల్లంలాంటి పంచదారలో మగ్గబెట్టి, రమ్ము పోసి, మన కళ్ల ముందే నిప్పంటిస్తారు. బనానాస్ ఫాస్టర్ అంటారు, 1951లో అదే ఊళ్లో పుట్టిన వంటకం. మంట ఒక్కసారి భగ్గున లేచేసరికి మా ఆవిడ అప్రయత్నంగా రెండు చేతులూ చాచి కళ్లకద్దుకుంది. పెద్దాయన ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆ మంటకి అంత గౌరవం ఎవరూ ఇచ్చి ఉండరు. ఆయన కూడా తల వంచాడు. బిల్లు మీద ఇరవై శాతం ఆయనకి. హారతి పళ్లెంలో వేశాం అనుకున్నాను.

కారెక్కాక మావాడితో అన్నం సంగతి చెప్పాను. వాడు స్టీరింగు మీద చెయ్యేసి నవ్వాడు. "అడగాల్సింది నాన్నా. గిన్నెతో తెచ్చేవాడు. ఊరికే."

పదకొండు రోజులుగా నన్ను తినేస్తున్నది ఆ చివరి మాట.

మర్నాడు మధ్యాహ్నం ట్రెమే పేటలో డూకీ చేజ్ హోటలుకి తీసుకెళ్లాడు. 1941 నాటిది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన లియా చేజ్ దశాబ్దాల పాటు వంటిల్లు నడిపింది, 2005లో కత్రినా వరద ముంచేస్తే మళ్లీ నిలబెట్టింది, 2019లో 96 ఏళ్ల వయసులో పోయింది. గంబోలో హాట్ సాస్ వంపుకోబోయిన ఒబామాని ఆవిడ కసిరిందని మావాడు చెప్పగానే, మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు జిప్పు గట్టిగా లాగింది.

గోడల నిండా నల్లజాతి చిత్రకారుల బొమ్మలు. మేడ మీద గదిలో ఒకప్పుడు పౌరహక్కుల ఉద్యమం వాళ్లు, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని, గంబో తింటూ మంతనాలాడేవాళ్లు. మార్టిన్ లూథర్ కింగ్ కూడా వచ్చాడు. అలా కలిసి కూర్చుని తినడమే ఆ రోజుల్లో అక్కడ చట్టం ఒప్పుకోని పని. ఆ నగరం గొప్పగా చెప్పుకునే వంటలో రూ కలిపి కలిపి కాయలు కాసిన చేతులు చాలావరకు నల్లచేతులే. పెద్ద హోటళ్ల ముందు గదిలో కూర్చోవాలంటే ఆ చేతులకి ఏ కోటు తొడిగినా సరిపోయేది కాదు. నాకు ఊరికే ఇచ్చారు.

నా చిన్నప్పుడు మా ఊరి కాఫీ హోటలు చూరుకి విడిగా గ్లాసులు వేలాడేవి. మా పొలంలో నాట్లేసి, కోతలు కోసి, ధాన్యం బస్తాలు మా గాదె దాకా మోసిన మనిషి బయట నిలబడి ఆ గ్లాసులో టీ తాగి, తనే కడిగి, తనే మళ్లీ తగిలించి వెళ్లేవాడు. నేను లోపల బల్ల మీద మా నాన్న పక్కన కూర్చుని పెసరట్టు తినేవాణ్ని. కిటికీలోంచి రోజూ చూసేవాణ్ని. అదేంటని ఒక్కనాడు అడగలేదు. అడగలేకపోవడం నాకు ఆ నీలం కోటుతో వచ్చిందేమీ కాదు.

నిన్న రాత్రి మా ఆవిడ హ్యూస్టన్‌లో బెండకాయ రొయ్యల పులుసు పెట్టింది, చింతపండు వేసి. కోడలి దగ్గర ఐస్‌క్రీం తీసే గరిటె ఒకటుంటే, దాంతో ఒకే ఒక్క అన్నం ఉండ తీసి నా పళ్లెం మధ్యలో పెట్టి, దాని నెత్తిన కొత్తిమీర రెమ్మ గుచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడింది.

"అంతా బాగుందా అండీ?"

"ఇంకాస్త అన్నం పెట్టు" అన్నాను, నోట్లో ముద్ద ఉండగానే.

"కోటు వేసుకు రండి" అని గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.