అడిగి పోయినోళ్లు మళ్లీ రావాలి

మా రోజుల్లో రామారెడ్డిలో జనాభా లెక్కలకు వచ్చేది బడి సారే. వాకిట్లో నులక మంచం వాల్చి కూర్చోబెట్టేవాళ్లం. ఎవరింట్లో ఎందరున్నారో, ఎవరు బొంబాయి పోయారో ఆయనకు ముందే ఎరుక. అయినా అడిగే రాసేవాడు. అవ్వ తన వయసు చెప్పలేకపోతే ఫలానా కరువు నాటికి ఎంత పిల్లవని అడిగి లెక్క కట్టేవాడు. ఇప్పుడు సర్వేలకు వచ్చేవాళ్లు గడప అవతలే నిలబడి అడిగి పోతున్నారు. ఇక ఫోను సర్వేలో అయితే అడిగే మనిషే ఉండడు. ప్రభుత్వ పాలన బాగుంటే ఒకటి నొక్కాలట, లేకుంటే రెండు. నమ్మకాన్ని కొలిచే పద్ధతేనా ఇది?

ఆ కాలమంతా బాగుందని నేననను. పటేలు, పట్వారీ పక్కన నిలబడి ఉంటే కూలివాడు తన అప్పు సంగతి నోరు విప్పేవాడు కాదు. 1984లో ఆ వ్యవస్థ పోవడం మంచిదే అయింది.

2014 ఆగస్టు 19న ఒక్కరోజులో తెలంగాణ రాష్ట్రమంతా సమగ్ర కుటుంబ సర్వే చేశారు. లెక్కలో లేకుంటే రేషన్, పింఛన్ పోతాయన్న భయంతో పట్నం పోయిన పిల్లలంతా బస్సుల్లో వేలాడుతూ ఊళ్లకొచ్చారు. అంత నమ్మి చెబితే పూర్తి నివేదిక జనం ముందు పెట్టలేదు. పదేళ్లకు, 2024 నవంబర్‌లో, 75 ప్రశ్నలతో మళ్లీ వచ్చారు. భూమి, అప్పు, ఆదాయం, కులం అన్నీ అడిగారు. ఉన్నది చెప్తే కార్డు పోతదేమోనని జనం జంకితే తప్పెవరిది? ఈసారి 3.54 కోట్ల మంది లెక్క తేలింది. ముస్లింలు కాక బీసీలే 46.25 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45. స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం ఇస్తామని 2023 నవంబర్‌లో మాటిచ్చింది మా కామారెడ్డి గడ్డ మీదనే. ఆ అంకెల మీద మాకు హక్కుంది.

లోక్‌నీతి వంటి సంస్థలు ఏళ్లుగా చేస్తున్న సర్వేల్లో సైన్యం మీద నమ్మకం ఎక్కువ, పార్టీల మీద తక్కువ అని తేలుతున్నది. తేలదా మరి! సైన్యంతో మాకు పని పడదు. కాగితం పట్టుకొని తిరిగేది తహసీలు ఆఫీసు చుట్టూ, ఓటడగ వచ్చేది పార్టీలవాళ్లు. పని పడ్డచోటనే అనుమానం పుడుతుంది. 2023 జనవరిలో కామారెడ్డి మాస్టర్ ప్లాన్ తమ పొలాలను పారిశ్రామిక జోన్‌లో చూపిందని రైతులు కలెక్టరేట్ ముందు కూర్చుంటే, చివరికి మున్సిపల్ కౌన్సిలే దాని రద్దుకు తీర్మానం చేసింది. ఆ డిసెంబర్‌లో అదే కామారెడ్డిలో పదవిలో ఉన్న ముఖ్యమంత్రి, నాలుగు రోజులకు ముఖ్యమంత్రి అయినాయన, ఇద్దరూ ఓడారు. ఇక్కడి మనసు తెలియాలంటే ఆ రైతుల పక్కన ఒక పూట కూర్చోవాలి.

అడిగి పోయినోళ్లు మా ఊరి లెక్క పట్టుకొని మళ్లీ రావాలి. ఎన్ని ఇళ్లకు గుంట భూమి లేదో, ఎన్ని ఇళ్లు గల్ఫ్ అప్పుల్లో మునిగాయో, ఏ కులంలో ఎందరు పిల్లలు పదో తరగతి దాటలేదో, పేర్లు లేకుండా గ్రామసభలో చదివి వినిపించాలి. తప్పులుంటే అక్కడే దిద్దిస్తాం.