నవ్వమని నేనడగను

నా పేరు నికాన్ డి7000. పుట్టిల్లు థాయిలాండ్‌లోని అయుత్తయ. 2011లో వరదలొచ్చి మా ఫ్యాక్టరీ మునిగే నాటికే నేను విజయవాడ చేరి, ఓ స్టూడియో ఫొటోగ్రాఫర్ మెడలో వేలాడుతున్నాను. అందరూ ఆయన్ని మాస్టారంటారు, నేనూ అంతే.

మొదట్లో నా బతుకంతా బారసాలలు, అన్నప్రాసనలు, పుట్టినరోజులే. కేకు వెనక పిల్లను నిలబెట్టి, ఇంటిల్లిపాదీ చప్పట్లు చరుస్తూ "ఇటు చూడమ్మా, నవ్వమ్మా" అని అరిచేవాళ్లు. పాపం, ఆ పిల్ల పళ్లికిలించేది. నా కార్డు నిండా పళ్లే తప్ప నవ్వులు ఉండేవి కావు.

ఓసారి పటమటలో ఒకరింటికి వెళ్లాం. ఆ బాబుకు ఆటిజం. "వీడు కెమెరా వంక చూడడండీ. స్టూడియోలో ఫ్లాష్ పడగానే బెదిరిపోయాడు" అంది వాళ్లమ్మ మొహమాటంగా.

"చూడక్కర్లేదమ్మా. వాడు దేన్ని చూస్తాడో మనం చూద్దాం" అన్నారు మాస్టారు.

నన్ను పట్టుకుని దిగిన తన ఫొటో ఆయన ముందురోజే పంపారు. 'రేపు ఈ మామయ్య వస్తాడు, దీంతో ఫొటో తీస్తాడు, వెళ్లిపోతాడు' అని బాబుకు చూపించమన్నారు. తర్వాత ఏం జరగబోతోందో బొమ్మల్లో ముందే తెలిస్తే ఇలాంటి పిల్లల్లో చాలామందికి కంగారు తగ్గుతుంది.

నా సంగతీ చెప్పాలి. నా కడుపులో ఓ అద్దం ఉంది. మీట నొక్కితే పైకి లేచి మళ్లీ కిందికి పడుతుంది. మీకు టక్కుమని వినిపించేది చాలావరకు అదే. కొందరు పిల్లల చెవులు ఆ మాత్రం చప్పుడూ భరించలేవు. మాస్టారు నా డయల్‌ని 'క్యూ' దగ్గరికి తిప్పారు. అప్పుడు బీప్ మోగదు, మీట మీద వేలు తీసేదాకా అద్దం కిందికి దిగదు. ఫొటో పడ్డాక వీధిలో ఆటో వెళ్లేవరకూ ఆయన వేలు తీసేవారు కాదు. నా చప్పుడు ఆ మోతలో కలిసిపోయేది.

ఫ్లాష్ మూసేశారు. కిటికీ వెలుతురే సరిపోయేలా ఐఎస్ఓ 1600కు పెంచి, కుదురుగా ఉండని చేతుల కోసం షట్టర్ వేగం 1/500 పెట్టారు. నన్ను చాప మీద వదిలేసి పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పై నుంచి తీస్తే పిల్లలు ఉన్నదానికన్నా చిన్నగా కనిపిస్తారు మరి. కాసేపటికి బాబే వచ్చి, నా ఫోకస్ రింగు తిప్పి చూసి, తన పనిలో పడ్డాడు. స్టీలు గిన్నె మూతను గచ్చు మీద బొంగరంలా తిప్పడం ఆ పని. మూత తిరుగుతుంటే రెండు చేతులూ గాల్లో ఆడించాడు.

"చేతులు దించు నాన్నా" అంటూ వాళ్లమ్మ ముందుకొచ్చింది.

"దించొద్దమ్మా, వాడి సంతోషం అక్కడే ఉంది" అన్నారు మాస్టారు. చేతులాడించడం ఒక్కోసారి ఆందోళన, ఒక్కోసారి ఆనందం. ఏదన్నది ముఖమే చెబుతుంది. ఆ పూట ఆనందమే, అది నాకు దొరికింది. బాబు చెవులు మూసుకోగానే నేను సంచిలోకి వెళ్లిపోయాను. "ఇంట్లో అచ్చం ఇలాగే ఉంటాడండీ" అంది ఆ తల్లి, ఫొటోలు చూసి.

ఇప్పుడు పుట్టినరోజులకూ మాది అదే పద్ధతి. కేకు దగ్గర కన్నా, బుడగ వెంట పరుగెత్తేటప్పుడూ చెప్పులు వెతుక్కునేటప్పుడూ పిల్లలు బాగుంటారు. తీసిన ప్రతిదీ నలుగురికీ చూపించేది కాదు. వ్యాపారానికి 18 ఏళ్ల లోపు వారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. అనుమతి ఉన్నా సరే, పిల్లవాడు తట్టుకోలేక ఏడుస్తున్న ఫొటోను మాస్టారు తుడిచేస్తారు. పెద్దయ్యాక ఆ ఫొటో చూసుకోవలసింది వాడే కదా.

నా షట్టర్‌ను 1,50,000 నొక్కులకు పరీక్షించామంటుంది కంపెనీ. అందులో ఎన్నో 'నవ్వు, నవ్వు' అన్న కేకలకే ఖర్చయిపోయాయి. మీ చేతిలో ఉన్నది ఫోనే అయినా సరే, ఫ్లాష్ ఆపండి, నేల మీద కూర్చోండి, పిల్లల్ని వాళ్ల ఆటలో ఉండనివ్వండి. నవ్వమని మాత్రం అడగకండి.