నా వీపు మీద గోరు

నేను గోండుల గుస్సాడి ఆటగాడిని. జానెడు ఎత్తుంటాను. తలకు నెమలి ఈకల టోపీ, భుజాన మేకతోలు, చేతిలో కర్ర. ఒక కాలు పైకెత్తి ఆడుతుండగానే గట్టిపడిపోయాను. ఖానాపూర్‌లో ఒక టీచరమ్మ ఇంట్లో, టీవీ పక్కన అరలో ఉంటాను. వచ్చినవాళ్లందరూ కంచు బొమ్మ అంటారు. నేను ఇత్తడిని. పగిలిన బిందెలు, అరిగిన గంటెలు కరిగి నేనయ్యాను.

పుట్టింది జైనూర్ మండలం ఉషేగాంలో, ఇత్తడి బొమ్మలు పోసే ఓజాల ఇంట్లో. మా అయ్య ముందు మట్టిలో పేడ కలిపి నా ఒళ్లు చేశాడు. ఎండాక తేనెమైనంలో గుగ్గిలం కలిపి సన్నటి దారాలు తీశాడు. ఒక్కో పోగూ అతికిస్తూ నా చుట్టూ చుట్టాడు. నెమలి ఈకలకే ఒక పూట పట్టింది. మైనం బిరుసెక్కితే అరచేతిలో పెట్టుకుని వెచ్చజేసేవాడు. పైన మళ్లీ మట్టి పూసి ఒక సన్నటి దారి వదిలాడు. మంటకు మైనమంతా కరిగి అందులోంచి కారిపోయింది. ఆ ఖాళీలోకి ఎర్రగా కాగిన ఇత్తడి దిగింది. చల్లారాక మట్టి పగలగొట్టి నన్ను బయటికి తీశాడు. మూస ముక్కలైంది కాబట్టి అచ్చం నాలాంటివాడు ఇంకొకడు పుట్టడు.

1926లో మొహంజొదారోలో దొరికిన నాట్యగత్తె బొమ్మనూ ఇలాగే పోశారు. పదిన్నర సెంటీమీటర్ల పిల్ల, నాలుగు వేల ఏళ్లు దాటింది. ఆమెను చేసిన మనిషి పేరు లోకానికి తెలియదు.

మా అయ్య బతికే ఉన్నాడు, అయినా ఆయన పేరూ నామీద లేదు. గుస్సాడి ఆడిన మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ఇస్తే పొంగిపోయాను. 2018లో ఆదిలాబాద్ డోక్రా అనే మా పోత పనికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినప్పుడూ అంతే. కానీ నన్ను అమ్మిన దుకాణం కట్టిన చీటీ మీద ధర ఒక్కటే ఉంది. చేసినవాడి పేరు రాయడానికి ఎంత చోటు కావాలి?

మొన్న దండారి పండుగ రోజుల్లో టీచరమ్మ చింతపండుతో నన్ను తోముతుంటే ఆమె బిడ్డ నా వీపు తిప్పి చూసింది.

"అమ్మా, గీడ ఎవరిదో గోరు పడ్డదే!"

మైనం దారం అతికిస్తూ మా అయ్య బొటనవేలు నొక్కిన చోటు అది. ఆ పిల్ల తన గోరు అందులో ఆనించి చూసుకుంది. గుంట సగమే నిండింది.