వర్కింగ్ మోడల్: దయచేసి ముట్టుకోరాదు

మన వైజ్ఞానిక ప్రదర్శనల్లో ఏ బల్ల మీదైనా ‘వర్కింగ్ మోడల్’ అన్న చీటీ కనబడితే రెండు సంగతులు ఖాయం చేసుకోవచ్చు. అది పనిచెయ్యదు. మీరు దాన్ని ముట్టుకోకూడదు. అబద్ధమెందుకు, పొద్దున్న ఓ నిమిషం పనిచేసే ఉంటుంది. ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించి, శాలువా సర్దుకుంటూ బల్లల మధ్య నడిచినప్పుడు బల్బు వెలిగింది, రెక్క తిరిగింది, ఫొటో పడింది. అక్కడితో దాని ఉద్యోగం అయిపోయింది. మీరూ నేనూ వెళ్ళేసరికి బ్యాటరీ దిగిపోయి, “ఇందాకటిదాకా తిరిగిందండి” అన్న మాట ఒక్కటే మిగులుతుంది. ఆ చీటీల మీద ‘వర్కింగ్ మోడల్, ఉదయం 10.30 నుంచి 10.31 వరకు’ అని అచ్చువేయిస్తే నిర్వాహకులకి కనీసం అబద్ధమాడిన దోషం అంటదు.

ఇంకెక్కడైనా అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. గరివిడిలో ఇలా జరిగితే మాత్రం కడుపు మండుతుంది. నెల్లిమర్లకీ చీపురుపల్లికీ మధ్య ఉన్న ఈ చిన్న స్టేషను చుట్టూ ఉన్న నేల అలాంటిలాంటిది కాదు. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలయింది 1890ల్లో, ఈ విజయనగరం జిల్లా గనుల్లోనే. విజయనగరం మైనింగ్ కంపెనీ తవ్వించింది. పక్కనున్న కోడూరు పేరు మీద ఒక రాతికి ‘కోడురైట్’ అని నామకరణం చేసి, దాన్ని ప్రపంచ భూగర్భశాస్త్రంలోకి ఎక్కించాడు ఫెర్మార్ అనే దొర. ఆ తరవాత 1955లో పుట్టిన ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్, అదే మన నోట్లో ‘ఫేకర్’, వచ్చి ఇక్కడి శ్రీరాంనగర్‌లో ఫర్నేసులు పెట్టింది. ఎలక్ట్రోడు ఎందుకు అరుగుతుందో, స్లాగు పైకెందుకు తేలుతుందో, కరిగిన లోహాన్ని బయటికి వదిలే ట్యాపింగ్ వేళ ఎదర నిలబడితే మొహం ఎలా కాలుతుందో ఒంటితో నేర్చుకున్నవాళ్ళు ఇక్కడ వీధికి నలుగురు దొరుకుతారు. అలాంటి ఊళ్ళో పిల్ల ఫర్నేసు మోడల్ చేస్తే ఎలా ఉండాలి?

ఉండేది ఇలా. చెప్పుల డబ్బా ఒకటి. లోపల ఎర్ర జిలుగు కాగితం, దాని వెనక పండక్కి కొన్న సీరియల్ బల్బులు. నల్ల స్కెచ్ పెన్ను రుద్దిన మూడు థర్మోకోల్ కడ్డీలు, అవే ఎలక్ట్రోడ్లు. ఒకటి వంగిపోతే సెల్లోటేపు చుట్టారు. అంచుల వెంట గ్లూ గన్ జిగురు పోగులు. వెనక చార్టు మీద మూడు రంగుల్లో ఇంగ్లీషు. బల్ల వెనకున్న పిల్ల మనల్ని చూడగానే “రెస్పెక్టెడ్ సర్, మై ప్రాజెక్ట్ నేమ్ ఈజ్...” అని అందుకుంటుంది. మధ్యలో ఏదైనా అడిగామా, మళ్ళీ ‘రెస్పెక్టెడ్ సర్’ దగ్గర్నుంచి మొదలెట్టాల్సిందే.

“మీ తాత ఏటి సేసేవోడమ్మా?”

“ఫర్నేసులోనండి.”

“మరి ఆయన్ని అడగలేదేటి?”

“గైడులో ఉన్నదే సెప్పాలన్నారండి.”

అన్నది ఎవరని అడక్కండి. అందరూ అన్నారు.

నిజం ఫర్నేసులో జరిగేది అంత దాచుకోవలసిన రహస్యం కాదు. మాంగనీసు రాయి, కోకు, సున్నపురాయి కలిపి పోస్తారు. ఆ కుప్పలోకి లావుపాటి కార్బను కడ్డీలు దిగి ఉంటాయి. వాటిగుండా పోయే కరెంటుకి కుప్ప కరుగుతుంది, రాతిలోని ఆక్సిజన్‌ని కోకులోని కార్బను లాక్కుపోతుంది, బరువైన లోహం అడుక్కి దిగుతుంది, స్లాగు పైన తేలుతుంది. దీన్ని చూపించడానికి లక్షలక్కర్లేదు. అడుగున కుళాయి ఉన్న గాజు జాడీలో నీళ్ళు పోసి, పైన రంగు కలిపిన నూనె పోసి, ఓ పిల్లవాడి చేత కుళాయి తిప్పించండి. ముందు ఏది వస్తుందో, ఎప్పుడు కట్టెయ్యాలో వాడే చెబుతాడు. కరెంటు సంగతికి మోటారు వైండింగ్ షాపు మనిషిని పిలవండి. పాత ట్రాన్స్‌ఫార్మరు కోరు మీద లావు తీగ నాలుగు చుట్లు చుట్టి, దాని కొసల మధ్య మేకు బిగించి స్విచ్ వేస్తే, చూస్తుండగానే మేకు ఎర్రబడుతుంది. వోల్టులు తగ్గి ఆంపియర్లు పెరగడమంటే అదే. ఫర్నేసు పక్కన గదంత ట్రాన్స్‌ఫార్మరు చేసే పనీ అదే. పిల్లల్ని రెండు గజాల దూరంలో నిలబెట్టండి, మేకుకి కంచె కట్టండి. అంతే తప్ప చార్టు మీద మేకు బొమ్మ గీసి సరిపెట్టకండి.

పక్కన కుర్చీ వేసి ఆ తాతని కూర్చోబెట్టండి. ఇదేమీ నా కొత్త ఊహ కాదు. విశాఖ బీచ్ రోడ్డు మీద కురుసుర జలాంతర్గామిని 2002లో మ్యూజియం చేసినప్పట్నుంచీ లోపల చూపించేవాళ్ళలో నేవీలో పనిచేసి రిటైరైనవాళ్ళున్నారు. ఇనుప గొట్టంలో నెలల తరబడి ఎలా పడుకున్నారో పడుకున్నవాడు చెబితే జనం కదలరు. మనకేమో అలాంటి మనిషి కావాలి, కానీ ఎందుకంటే సన్మానానికి. వేదిక మీదికి పిలిచి, బొకే ఇచ్చి, “రెండు మాటలు” అని మైకిచ్చి, మూడో మాటకి లాక్కుంటాం.

ప్రదర్శన గేటు బయట చెరుకురసం బండి ఉంటుంది, చూశారా? నా లెక్కలో మొత్తం మైదానంలో నిఖార్సయిన వర్కింగ్ మోడల్ అదొక్కటే. మోటారు గిర్రున తిరుగుతుంది, బెల్టు మీదుగా పెద్ద చక్రానికెళ్ళేసరికి వేగం తగ్గి బలం పెరుగుతుంది, పళ్ళచక్రాలు రోలర్లని ఎదురెదురుగా తిప్పుతాయి. గడ కాస్త లావైతే బోల్టు వదులు చేస్తాడు, పిప్పి మడిచి మళ్ళీ పెడతాడు. ఎందుకలా అనడిగితే ‘రెస్పెక్టెడ్ సర్’ అనకుండా జవాబు చెబుతాడు. గ్లాసుకి డబ్బు పుచ్చుకుంటాడు గానీ పార్టిసిపేషన్ సర్టిఫికెట్ అడగడు. లోపల ఇరవై బల్లలు తిరిగొచ్చినవాళ్ళంతా ఇక్కడ పది నిమిషాలు నిలబడి చూస్తారు. రసం కోసమే అంటారా? లోపల టీ, సమోసా ఉచితమే, అయినా అక్కడెవరూ నిలబడలేదు.

ఇక ‘ఇంధనం లేకుండా కరెంటు’. ఈ అద్భుతం లేని ప్రదర్శన నా కంట పడలేదు. మోటారు డైనమోని తిప్పుతుంది, డైనమో కరెంటిచ్చి మోటారుని తిప్పుతుంది, మిగిలిన కరెంటుతో బల్బు. ప్రపంచమంతా వందల ఏళ్ళు తల బాదుకుని వదిలేసిన సమస్య మన దగ్గర ఏటా జనవరిలో ఓ ప్లైవుడ్ చెక్క మీద పరిష్కారమవుతుంది. చెక్క తిరగేస్తే తొమ్మిది వోల్టుల బ్యాటరీ. పిల్లవాణ్ణి తిట్టి లాభం లేదు, వాడికది షాపులో చార్టుతో సహా రెడీమేడ్‌గా దొరికింది. కేంద్రం వారి ఇన్‌స్పైర్ మనక్ పథకం ఎంపికైన పిల్లకి 10,000 రూపాయలిచ్చి, ఆలోచన మాత్రం మీదే అయ్యుండాలంటుంది. బజారేమో ఆలోచన కూడా మేమే ఇస్తాం, పేరు రాసుకోవడమే మీ వంతు అంటుంది. నాకు కోపమల్లా జడ్జీ గారి మీద. ఆయన ఆ చెక్కని తిరగెయ్యడు. “వెరీ నీట్” అని రాసి పోతాడు.

ఈ నీట్ అన్న మాటొకటి మన ప్రదర్శనల్ని ముంచింది. 1763లో గ్లాస్గో యూనివర్సిటీ వారి న్యూకొమెన్ ఆవిరి ఇంజను మోడల్ ఒకటి జేమ్స్ వాట్ బల్ల మీదికొచ్చింది. లండన్‌కి పంపి బాగుచేయించినా సరిగ్గా ఆడని మోడలది. వాట్ సరిచేసి ఆవిరి పెడితే నాలుగు పోట్లు వేసి చతికిలపడేది. బాయిలరు చూస్తే చాలినంతే ఉంది, మరి ఆవిరి ఏమవుతోంది? తవ్వుకుంటూ పోతే, ప్రతి పోటుకీ సిలిండరుని చల్లార్చడం, మళ్ళీ వేడెక్కించడం, ఈ రెంటికే ఆవిరంతా తగలబడుతోందని తేలింది. 1765లో ఆయనకి ఆవిరిని వేరే పాత్రలో చల్లార్చాలన్న ఊహ తట్టింది. ఆ తరవాతి కథ మీకు తెలిసిందే. ఆ మోడల్ మన ప్రదర్శనకి వచ్చుంటే వాట్‌కి రంగు కాగితాలు అతికించమని సలహా, మూడో బహుమతి దక్కేవి. ఆడని మోడల్‌ని బల్ల కిందకి తోసెయ్యడం మనకి మర్యాద. ‘ఇది ఎందుకు ఆగిపోయింది?’ అని రాసి బల్ల మధ్యలో పెట్టి, పక్కన ఓ స్క్రూడ్రైవరుంచితే, వచ్చిన ప్రతి మెకానిక్కూ అక్కడే మకాం వేస్తాడు.

ఈ మోడళ్ళు చేసే సరదాకి ఇంగ్లండులో ఒక పత్రికే ఉంది, ‘మోడల్ ఇంజనీర్’ అని 1898లో మొదలయింది. ఇంటి వెనక షెడ్డులో ఏళ్ళ తరబడి కూర్చుని, నిజం బొగ్గుతో నిజం ఆవిరితో పరిగెత్తే బుల్లి రైలింజన్లు చేస్తారు అక్కడి ఔత్సాహికులు. వాళ్ళ ప్రదర్శనల్లోనూ గాజు పెట్టెలో తళతళలాడే బొమ్మలుంటాయి, వాళ్ళేమీ దిగొచ్చినవాళ్ళు కాదు. కానీ కొత్త బాయిలరుకి ఆవిరి పెట్టే ముందు నీళ్ళు నింపి, నడిచే ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడి పెట్టి చూస్తారు. సర్టిఫికెట్ వస్తేనే జనం ముందుకి. సర్టిఫికెట్ విషయంలో మనమూ తక్కువ తినలేదు. మనది ప్రదర్శనకి వారం ముందే ప్రింటయి వస్తుంది.

“ముట్టుకుంటే విరుగుతాయండీ” అంటారు నిర్వాహకులు. విరగనివ్వండి. మ్యూనిక్‌లో 1925లో తెరిచిన డాయిచెస్ మ్యూజియం భవనంలో అప్పట్నుంచీ చూడ్డానికొచ్చినవాళ్ళే హ్యాండిలు తిప్పుతున్నారు, బటను నొక్కుతున్నారు. విరిగినదాన్ని జనం ఎదరే బాగుచేస్తే, అది టికెట్టు లేని రెండో ప్రదర్శన.

ఏటికొప్పాక లక్కబొమ్మల స్టాలు పెడతారు కదా, బొమ్మలొస్తాయి, లేత్ రాదు. తిరిగే అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. రాపిడి గురించి బడి పుస్తకం చెప్పలేనిది ఆ ఒక్క నిమిషంలో తెలుస్తుంది. మనం మాత్రం పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు బొమ్మల జత ఎంతని బేరమాడి వచ్చేస్తాం. రైలు మోడల్ అంటే ప్రతివాడూ బుల్లెట్ ట్రైనే తెస్తాడు. పక్క జిల్లా నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలై, రెండున్నర అడుగుల పట్టాల మీద నూరేళ్ళకి పైగా నడిచిన బుల్లి రైలుని ఒక్కడూ చెయ్యడు. దానికి ఫ్లెక్సీ విలువ లేదు కాబోలు.

వేళలు చూడండి మరీ. పది నుంచి నాలుగు, ఆదివారం సెలవు. లేత్ షాపువాడూ వెల్డరూ ఫిట్టరూ, అంటే ఆ బల్లల ముందు నిలబడి సరైన ప్రశ్న వెయ్యగల ప్రతి మనిషీ, పనిలో ఉండే గంటలు ఏరికోరి పెట్టినట్టుంటాయి. సాయంత్రం ఆరింటికి లైట్లేసి తలుపులు తీస్తే కుర్చీలు అద్దెకిచ్చినవాడు అదనం అడుగుతాడట.

ఆ అదనం కోసం ఓ దారి చెబుతాను, ఉపన్యాసాలు తగ్గించండి. పూర్తిగా తీసెయ్యమనను, ఎందుకంటే ఉపన్యాసం మధ్యలో మైకు కూయడం మన ప్రదర్శనల్లో చెప్పకుండా జరిగే ఒకే ఒక్క భౌతికశాస్త్ర ప్రయోగం. స్పీకరు పెట్టెలోంచి వచ్చిన శబ్దం మైకులో దూరి, పెద్దదై పెట్టెలోకెళ్ళి, మళ్ళీ మైకులో దూరుతుంది. అందరూ చెవులు మూసుకుని మైకు కుర్రాణ్ణి తిట్టేవాళ్ళే. ఈసారి ఆ కుర్రాణ్ణి వేదిక ఎక్కించి, వైరు పట్టుకుని ఎందుకు కూస్తోందో చెప్పించండి. ముఖ్య అతిథి గారు పెట్టెకి ఎదురుగా కాకుండా ఓ నాలుగడుగులు పక్కకి జరగాల్సి వస్తుంది. ఫొటోగ్రాఫరు కూడా జరుగుతాడు లెండి.