పెండింగులో ఉన్న వంశవృక్షం

మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో, శామీర్‌పేట దాటాక తుర్కపల్లి చుట్టూ 1999 నుంచి విస్తరిస్తూ వచ్చిన జీనోమ్ వ్యాలీలో టీకాలూ మందులూ తయారవుతాయన్నది లోకవిదితమే కాగా, ఆ టీకాలకు పని కల్పించే సూక్ష్మజీవుల పుట్టుపూర్వోత్తరాలు ఎలాంటి క్యూలో నిలబడి తేలుతాయన్నది మాత్రం చరిత్రకారుల దృష్టికి ఇంకా రాలేదు. పరిణామ వృక్ష విశ్లేషణ అంటే, జీవుల డీఎన్ఏ అక్షరాలను వరుసగా పేర్చి, తేడాలను బట్టి ఎవరు ఎవరికి దాయాదులో, ఏ కొమ్మ ఎక్కడ చీలిందో లెక్కగట్టడం. 2020లో హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు సుమారు 30 వేల అక్షరాలుండే కరోనా వైరస్ జన్యుక్రమాలను ఈ విధంగానే పోల్చి, దేశంలో తిరుగుతున్న ఒక ప్రత్యేక శాఖను గుర్తించి ఏ3ఐ అని పేరు పెట్టారు.

శామీర్‌పేటలో ప్లాటు కొనేవారు ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు ఒక్కొక్కటే తిరగేసుకుంటూ మూల పట్టాదారు దాకా వెళ్లినట్లే ఈ వృక్షాలు గీసే సాఫ్ట్‌వేర్లూ మూల పూర్వీకుడి దాకా వెళ్తాయి. అయితే ఆ పూర్వీకుడు ఎక్కడా వేలిముద్ర వేసి ఉండడు కనుక, ఏ వృక్షం నిజమయ్యే అవకాశం ఎక్కువో సంభావ్యతను బట్టి తేల్చుకోవలసి వస్తుంది. పది జీవుల మధ్య సాధ్యమయ్యే వృక్షాలు, మూలం ఎక్కడో చెప్పకుండా గీసినవే, 20 లక్షలకు పైగా ఉండగా, ఇరవై జీవులకు ఆ సంఖ్య 22 లక్షల కోట్ల కోట్లు దాటుతుంది. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్న పరమ్ సేవా అనే సూపర్ కంప్యూటర్ గరిష్ఠ వేగం సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు. ఒక్కో వృక్షానికి ఒక్క లెక్కే సరిపోతుందనుకున్నా ఆ ఇరవై జీవుల వృక్షాలన్నీ చూడడానికి దానికి మూడు రోజులు పడుతుంది, నిజానికి ఒక్కో వృక్షానికి లక్షల లెక్కలు కావాలి. అందువల్ల రాక్స్‌ఎమ్‌ఎల్, ఐక్యూ-ట్రీ వంటి ప్రోగ్రాములు అన్నిటినీ చూడకుండా, ఉన్న వృక్షానికే కొమ్మలు మార్చి మార్చి అంటుకడుతూ మెరుగైనదాన్ని వెతుకుతాయి.

ఇంతవరకు శాస్త్రం, ఇక్కడి నుంచి మానవ స్వభావం. సూపర్ కంప్యూటర్ ఉమ్మడి ఆస్తి కాబట్టి, ఎవరి పని ఎప్పుడు నడవాలో స్లర్మ్ అనే ప్రోగ్రాం నిర్ణయిస్తుంది; ఎన్ని కోర్లు, అంటే లెక్కలు చేసే ఎన్ని అంగాలు, ఎన్ని గంటలు కావాలో దానికి ముందే విన్నవించుకోవాలి. రెండు గంటల పనికి మూడు రోజులు అడగడం ఇక్కడ ముందుచూపు అనిపించుకుంటుంది. పెద్ద పనుల మధ్య మిగిలే ఖాళీల్లో చిన్న పనులను దూర్చే బ్యాక్‌ఫిల్ అనే ఏర్పాటు స్లర్మ్‌కు ఉన్నందున, నిజం చెప్పినవారి పని ముందు మొదలవుతుందన్న రహస్యాన్ని ఎవరూ దాచకపోయినా ఎవరూ నమ్మరు. (క్యూ భరించలేక, అందరూ లోపలికి వచ్చే లాగిన్ నోడ్ మీదే పని నడిపేసి, వందమంది కీబోర్డులు మొరాయించాక అమాయకంగా కారణం అడిగే పెద్దమనుషులు వేరే కోవకు చెందుతారు.)

కోర్ల విషయంలో ఔదార్యం మరీ ఎక్కువ. బ్యాక్టీరియాను గుర్తించడానికి వాడే 16ఎస్ జన్యువులో సుమారు 1,500 అక్షరాలుంటాయి. దానికి 128 కోర్లు అడిగితే తలా పన్నెండు అక్షరాలు దక్కుతాయి, ఆ కాస్త లెక్కా రెప్పపాటులో ముగించుకున్న ప్రతి కోరూ మిగతా 127 ముగించేదాకా ఊరికే కూర్చోవడంతో, నాలుగు కోర్లతో హాయిగా సాగే పని మరింత మందగిస్తుంది. అయినా నాలుగు కోర్లు అడిగితే పరిశోధన చిన్నదనుకుంటారేమోనన్న బెంగ ఒకటి ఉంది.

ఎట్టకేలకు ఏ అర్ధరాత్రో పెండింగ్ అన్న మాట చెరిగిపోయి 128 కోర్లూ చేతికందాక, ఒక జీవి పేరులో కామా ఉందన్న కారణంతో రాక్స్‌ఎమ్‌ఎల్ మొదటి క్షణంలోనే ఆగిపోతుంది, ఎందుకంటే వృక్షాన్ని రాసే న్యూవిక్ అనే పద్ధతిలో కామాలూ కుండలీకరణాలూ కొమ్మల్ని విడదీసే గుర్తులు. ఉదయాన్నే ఆ కామా తీసేసి పని మళ్లీ క్యూలో పెట్టే పరిశోధకుడు, జరిగిన ఆలస్యానికి నష్టపరిహారం అన్నట్లు, ఈసారి 256 కోర్లు అడుగుతాడు.