సెల్ఫు పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
సెల్ఫు కొట్టు కొలది చెలరేగి తిరుగుచు
నందుకొనదు లారి యర్ధరాత్రి
పొగయె చెప్పు గుట్టు పొగగొట్టమును జూడ
గాలి దీయకున్న గతియె లేదు

అవతారిక: లోడు లారీని డాబా ముందు ఆపి, భోజనం ముగించి, డ్రైవరు తాళం తిప్పగా ఇంజిను స్టార్టు కాలేదు. అప్పుడు క్లీనరు డ్రైవరుతో పలికిన పద్యమిది. బండి పాతదనీ, కంప్యూటరు లేనిదనీ గ్రహించాలి.

ప్రతిపదార్థం: సెల్ఫు = స్టార్టరు మోటారును; కొట్టు కొలది = ఆడించిన కొద్దీ; చెలరేగి = బ్యాటరీల బలం చేత విజృంభించి; తిరుగుచున్ = తిరుగుతూ కూడా; అర్ధరాత్రి = మెకానిక్కు ఫోనెత్తని వేళ; లారి = ఓనరుకు ఆస్తి, ఫైనాన్సు వారికి హామీ అయిన బండి; అందుకొనదు = స్టార్టు కాదు; పొగగొట్టమును = సైలెన్సరు చివరను; చూడన్ = గమనించగా; పొగయె = పొగ మాత్రమే, అనగా చుట్టూ చేరిన పదిమందీ కాదు; గుట్టు = అసలు లోపమును; చెప్పున్ = తెలుపును; గాలి = డీజిల్ లైనులో దూరిన గాలిని; తీయకున్నన్ = బయటికి పంపకపోతే; గతియె = కదలికే; లేదు = ఉండదు.

తాత్పర్యం: ఓ డ్రైవరన్నా! ఊరికే సెల్ఫు కొట్టి బ్యాటరీ దించకు. పదిహేను సెకన్లు కొట్టి ఆపు, మోటారు చల్లారనివ్వు. ఈలోగా సైలెన్సరు చూసొస్తాను.

విశేషాలు: “చెలరేగి” అన్న మాట పాదపూరణకు వేసింది కాదు. డీజిల్ ఇంజినుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలిని 16, 17వ వంతుకు నొక్కేస్తే వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి చిమ్మిన డీజిల్ తనంత తానే మండుతుంది. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ ఇంజిను నడిపి చూపిన సూత్రమిదే. సెల్ఫు మూలుగుతూ తిరిగితే అంత వేడి పుట్టదు. అప్పుడు అనుమానించవలసింది 24 వోల్టులిచ్చే జంట బ్యాటరీలను. ఈ పద్యంతో పనిలేదు.

“పొగయె”: సెల్ఫు కొడుతుండగా పొగే రాకపోతే సిలిండరుకు డీజిల్ చేరడం లేదు. తెల్లపొగ వస్తే చేరుతోంది గాని మండడం లేదు. కంప్రెషను, టైమింగు, డీజిల్లో నీళ్లు చూసుకోవాలి. నాలుగో పాదాన్ని బట్టి ఇక్కడ పొగ రాలేదని ఊహ్యం.

అనుక్తం: ఇంజిను ఆపే స్టాపు కేబులు లాగింది లాగినట్టే ఉండిపోతే పంపు డీజిల్ వదలదు. పానా పట్టకముందే కేబులు లోపలికి నొక్కి, పంపు దగ్గర లివరు వెనక్కి వచ్చిందో లేదో చేత్తో కదిపి చూడాలి. కవి దీన్ని చెప్పకపోవడం మెకానిక్కుల మీద దయతో కావచ్చు.

“గాలి దీయ”: నాజిల్ తెరుచుకోవాలంటే సుమారు 200 బార్ల ఒత్తిడి కావాలి. లైనులో గాలి ఉంటే పంపు బలమంతా దాన్ని నలపడానికే సరిపోతుంది. కనుక ఫిల్టరు మీది బ్లీడింగు స్క్రూ వదులుచేసి చేతిపంపు కొట్టాలి. మొదట నురుగు, తర్వాత బుడగలు, చివరికి బుడగ లేని ధార వస్తుంది. ధార తెగకుండానే స్క్రూ బిగించాలి. ఆపైన నాజిళ్ల దగ్గర ప్రెషరు పైపుల నట్లు వదులుచేసి సెల్ఫు కొడితే డీజిల్ చిమ్ముతుంది. నట్లు బిగించి మళ్లీ కొడితే ఒక సిలిండరు దగ్గుతూ అందుకుంటుంది, మిగతావి దాని వెంటపడతాయి.

పాఠాంతరం: డాబా ప్రతిలో “నెట్టి చూడకున్న గతియె లేదు” అని ఉంది. యతి చెడింది. పైగా సెల్ఫు చక్కగా తిప్పుతున్న ఇంజినును మనుషుల చేత తిప్పించడం పునరుక్తి దోషం.

నిషేధం: కంప్యూటరున్న కామన్ రైల్ బండ్లకు ఈ పద్యం చెల్లదు. అక్కడి ఒత్తిడి వెయ్యి బార్లు దాటగలదు. నట్టు సందులోంచి చిమ్మిన డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. వాటికి స్కానరే వ్యాఖ్యాత.

అలంకారం: తిరుగుతూనే కదలకపోవడం విరోధాభాసం. రసాలు మూడు: డ్రైవరుకు రౌద్రం, ఓనరుకు కరుణ, పైపు నోట పెట్టి డీజిల్ పీల్చిన క్లీనరుకు బీభత్సం.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని సెల్ఫు మీద చెయ్యి వేయకముందు పఠించేవారికి బ్యాటరీ నిలుచును. బండి అందుకున్నాక పఠించి, గాలి దూరిన పైపు క్లిప్పునో ఫిల్టరు వాషరునో వెతికి మార్చేవారికి మరునాటి రాత్రి నిద్ర దక్కును. రెండూ చేయనివారికి టోయింగ్ బిల్లు ప్రాప్తించును.